నాయుడు గారి అంబాసిడర్, రుక్మిణమ్మ గారి సీటు

రెండు వేల ఇరవై రెండో సంవత్సరం. చెన్నైలో వానలు ఇంకా పట్టలేదు. చూలై పేటలో మన కార్ల రిపేరు షెడ్డు అప్పటికే సగమైపోయింది. ముందు భాగం టైల్స్ అమ్మే ఒకాయనకు అద్దెకిచ్చి, వెనక రెండు కార్లు పట్టే చోటులో నేనూ సెల్వమూ పని చేసుకుంటున్నాం. పిల్లలూ, మీరు పుణేలోనే పెరిగారు, షెడ్డు చూసింది రెండు మూడుసార్లే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మీ తాతయ్య పోయాక షెడ్డు మూసేస్తానని అందరూ అనుకున్నారు. నేను మూయలేదు. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన నిలబడి స్పానర్లు అందించిన దాన్ని. అందిస్తూ అందిస్తూ పని నాకూ వచ్చేసింది. పాత కార్ల సస్పెన్షన్, అంటే చక్రాలకూ బాడీకీ మధ్య ఉండి కుదుపును మింగే భాగం, మా దగ్గర బాగా చేస్తారని పేరు కూడా ఉంది. సెల్వం మీ తాతయ్య దగ్గరే పని నేర్చుకున్నవాడు. వాడి తల కూడా ఇప్పుడు నెరిసిపోయింది.

ఒకరోజు పొద్దున జయరాం నాయుడు గారు తన తెల్ల అంబాసిడర్ తీసుకొచ్చారు. ఆయన ఉండేది వాషర్‌మెన్‌పేట్‌లో. హార్బర్‌లో సరుకు లెక్క రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కారు వెనక ఎడమ పక్క బాగా కుంగిపోయి ఉంది.

"చూస్తా ఉండారు కదమ్మా, కుంటిదైపోయింది. మా వీధిలో పిల్లకాయలు నవ్వతా ఉండారు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్కుమని శబ్దం. ఈ రెండూ పోవాల, అంతే."

"దీంట్లో ఎవరెవరు తిరుగుతారు?" అని అడిగాను.

"నేనూ, మా ఇంటామె. ఆమెకి తుంటి ఎముక ఇరిగి ఆపరేషనైంది. వారానికి మూడుసార్లు రాయపురంలో కాలికి వ్యాయామం చేయిస్తారు, ఆడికి తీసుకుపోవాల. ఆటో ఎక్కలేదు. కొత్త కార్ల సీట్లేమో కిందికుంటాయి, కూర్చుంటే మళ్ళా లేవలేదు. దీని సీటే ఆమెకి సరిపోయేది."

మూడు నెలలు మానకుండా వ్యాయామం చేస్తే ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తుందని, మానితే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట నేను విన్నాను. విని, కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

అంబాసిడర్ వెనక బరువు మోసేవి లీఫ్ స్ప్రింగులు. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, పైది పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి, విల్లులాగా వంగి ఉంటాయి. మనవాళ్ళు కమాను కట్టలంటారు. వాటికి తోడుగా షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. నూనె నింపిన గొట్టాలవి. స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా ఆపడం వాటి పని. అవి బాగున్నాయో లేదో చూడ్డానికి వెనక బంపర్ మీద బరువంతా వేసి నొక్కి వదులుతాం. కారు ఒకసారి లేచి నిలబడిపోతే బాగున్నట్టు. నేను నొక్కాను. నిలబడిపోయింది. "షాకులు బాగున్నాయిరా" అన్నాను సెల్వంతో.

తర్వాత జాకీ పెట్టి కారు ఎత్తి, చక్రాలు వేలాడేలా బాడీ కింద స్టాండులు పెట్టాం. స్ప్రింగు వెనక కొనను బాడీకి తగిలించే ఇనుప పలకలను షాకిల్ అంటారు. అక్కడ గడ్డపార పెట్టి కదిపితే టక్కుమంది. నాయుడు గారు చెప్పిన శబ్దం అదే. షాకిల్ లోపల ఉండే రబ్బరు బుష్‌లు అరిగి, గుండ్రంగా ఉండాల్సిన చిల్లు కోడిగుడ్డులా సాగిపోయింది. కట్ట విప్పి చూస్తే ఎడమ పక్క మూడో పట్టీ మధ్యలో విరిగి ఉంది. మిగతావి తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

సెల్వం చేతులు తుడుచుకుంటూ, "అక్కా, ఇరిగింది మార్చేసి, రెండు పక్కలా ఇంకొక పట్టీ ఎక్కిద్దామా? గట్టిగా లేసి నిలబడతాది," అన్నాడు.

"సరే, ఎక్కించు," అన్నాను నేను.

ఇది మా వీధి అలవాటు. ఇక్కడ కట్టల పని చేసేవాళ్ళందరూ లారీల మీద పని నేర్చుకుని వచ్చినవాళ్ళే. కుంగిన బండి కనిపిస్తే చాలు, ఇంకొక పట్టీ ఎక్కిస్తాం. ఒకప్పుడు ఒక్కో అంబాసిడర్‌లో ఎనిమిది మంది, పైన పెట్టెలు, బిందెలు. అప్పుడది సరిగ్గానే ఉండేది. ఇప్పుడు అందులో ఎంతమంది కూర్చుంటున్నారని ఎవరూ లెక్కపెట్టరు. నేనూ లెక్కపెట్టలేదు.

పక్క సందులో కొలిమి ఉంది. పట్టీలను కాల్చి, కొట్టి, మళ్ళీ వంపు తెప్పించాం. తుప్పు గీకి గ్రీజు రాశాం, కొత్త బుష్‌లు వేశాం. నేను చూలై వీధుల్లో రెండు చుట్లు నడిపి చూశాను. శబ్దం లేదు. కారు పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడింది. నాయుడు గారు చుట్టూ తిరిగి చూసుకుని, ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళారు.

మూడు వారాల తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్పించడానికి వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"బండి బ్రహ్మాండంగా ఉండాదమ్మా. మా ఇంటామే, వ్యాయామానికి రానని మొండికేసింది. రెండు వారాలాయె. ఎందుకే అంటే అక్కర్లేదంటాది. ఇట్లే ఉంటే ఇంక లేసి నడిచినట్టే. మీరు ఆడమనిషి కదా, ఒక మాట చెప్పి చూస్తారా?"

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రుక్మిణమ్మ గారు సన్నగా, చిన్నగా ఉన్నారు. చేతులున్న కుర్చీలో దిండు వేసుకుని కూర్చుని ఉన్నారు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాం. నాయుడు గారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ఆవిడ గొంతు తగ్గించారు.

"వ్యాయామానికి కాదమ్మా నా భయం. ఆడికి పొయ్యేలోపలే ప్రాణం పోతా ఉండాది. బండి ఎత్తి ఎత్తి పడేస్తాది. ముందర శబ్దం వచ్చేది గానీ, ఇంత బాధ లేదు."

"నాయుడు గారితో చెప్పలేదా?"

"మీరూ చెప్పబాకండి. బండి నిటారుగా నిలబడినకాడ నుంచి పొద్దున్నే లేసి గుడ్డతో తుడుచుకుంటా ఉండారు. నేను కింద పడ్డాక ఆ మనిషి మొహంలో నవ్వు చూసింది ఇప్పుడే. నేనెట్లా చెప్పేది?"

ఆవిడకి మాటిచ్చాను. కానీ ఆ కారును అలా వదిలెయ్యలేను కదా. నాయుడు గారు కాఫీ తెచ్చాక, "నా పని నాకే అనుమానంగా ఉంది, ఒకసారి నేను నడుపుతాను, మీరు వెనక ఎడమ పక్క కూర్చోండి," అన్నాను.

"అది ఆమె సీటు కదా," అన్నారు.

"అందుకే."

రాయపురం వైపు వెళ్ళాం. కంటైనర్ లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డంతా గుంతలు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆయన "అబ్బా" అన్నారు. మూడోదానికి ఆయన కళ్ళజోడు ఒళ్ళో పడింది. అద్దంలో చూశాను. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడిపారు, నేను అదే చోట కూర్చున్నాను. కారు గుంతలో దిగి లేచాక నిలబడటం లేదు. మళ్ళీ దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. అప్పుడు అర్థమైంది నా తప్పు. షాకులు ఎప్పుడో చచ్చిపోయాయి. తుప్పుపట్టి అతుక్కున్న పట్టీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఊగకుండా ఆపుతుంటే, నేను నొక్కి చూసి, ఆపుతున్నది షాకులే అనుకున్నాను. తుప్పు గీకి గ్రీజు రాశాక ఆపేది ఏదీ లేకుండా పోయింది. పైగా ఒక పట్టీ ఎక్కించి, ఇద్దరు బక్క మనుషుల బరువుకు వంగని కట్ట చేసి పెట్టాను. ముందు సీట్లో ఉన్నవాళ్ళకు ఆ ఎగురు అంతగా తెలియదు. ఇంత చేసి, ఒక్కసారైనా వెనక సీట్లో కూర్చుని చూడలేదు.

ఇల్లు చేరగానే నాయుడు గారు బండి ఆపి దిగారు. లోపలికి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

ఆవిడ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఆమె ఏం చెప్పలేదు. నేనే నీ సీట్లో కూర్చోనొస్తి."

"చెప్తే మీరు బండి అమ్మేస్తారు," అన్నారు ఆవిడ.

"అమ్మితే అమ్మేది."

"అమ్మేసి నన్ను దేంట్లో తీసుకుపోతారు? వీపు మీదా?"

ఆయన నవ్వబోయి నవ్వలేక, ఆవిడ కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను. షాకులు కొత్తవి వెయ్యాలని, ఎక్కించిన పట్టీ తీసెయ్యాలని, అప్పుడు కారు వెనక రెండు వేళ్ళ మందం దిగుతుందని కూడా చెప్పాను. "ఇప్పుడున్నంత నిటారుగా ఉండదు, నాయుడు గారూ."

"దిగనీండి," అన్నారాయన.

ఈసారి పట్టీల కొనల మధ్య పలుచటి ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టాం, మెత్తగా జారడానికి. చివరి పని షాకిల్ బోల్టులు బిగించడం. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేల మీదికి దిగాక లోపలి రబ్బరు మెలితిరిగిపోయి తొందరగా చిరుగుతుంది. అందుకని నేల మీద నిలబెట్టి, బరువు వేసి బిగించాలి. మామూలుగా ఇసుక మూట వేస్తాం. ఆ రోజు రుక్మిణమ్మ గారినే షెడ్డుకు రమ్మన్నాను. పక్కింటాయన కారు సీటు మీద రెండు దిళ్ళు వేసి, మెల్లగా తీసుకొచ్చారు నాయుడు గారు. ఆవిడ వెనక తన చోట, ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. సెల్వం బండి కింద పని చేసే గుంటలోకి దిగి కింద నుంచి అరిచాడు, "అమ్మా, కొంచెంసేపు కదలబాకండి."

"కదలకుండా కూర్చునేది రెండు నెలలుగా నేర్చుకున్నా నాయనా. నువ్వు నింపాదిగా బిగించుకో," అన్నారు ఆవిడ.

ఆ తర్వాత ముగ్గురం రాయపురం దాకా వెళ్ళాం. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ తన ఆడబిడ్డ గురించి ఏదో చెబుతున్నారు, ఎండుచేపలు కొనడానికి పోయి గొడుగు మరిచిపోయి వచ్చిందని. కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. ఆవిడ మాట ఆపలేదు. గొడుగు కథ పూర్తయ్యాక, "ఏంటమ్మా, అట్లా చూస్తా ఉండారు?" అని అడిగారు. ఏమీ లేదన్నాను.

పోయిన రెండు వారాలకూ కలిపి ఆవిడ వ్యాయామం పూర్తి చేశారు. ఇప్పుడు కర్రతో నడుస్తున్నారు, కూరగాయలు తనే ఏరుకుంటున్నారు.

పిల్లలూ, అన్నేళ్ళూ నేను బండి తెచ్చినవాళ్ళు చెప్పింది విని, డ్రైవర్ సీట్లో కూర్చుని నడిపి చూసి, బాగుందని ఇచ్చేశాను. ఇప్పుడు ఏ బండి వచ్చినా దాంట్లో రోజూ ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో అడిగి, వాళ్ళను కూడా తీసుకురమ్మంటాను. కొందరు విసుక్కుంటారు, ముసలామె చాదస్తం అంటారు. పరవాలేదు. దెబ్బ ఎవరికి తగులుతోందో వాళ్ళనే అడగాలని నాకు అరవై ఏడో ఏట తెలిసింది.