ముగ్గురు నూకన్నలు

మాఘ బహుళ తదియ, బుధవారం, పొద్దున సరిగ్గా పది గంటలు. గోపాల్‌పూర్ రేవులో ఓడ ఆఫీసు గంట పది కొట్టి ఆగగానే, మా వాకిట్లో తాటాకు పందిరి కింద నిలబడి, రంగూన్ నుంచి వచ్చిన రెండో ఉత్తరాన్ని మేష్టారు విప్పారు. నా బతుకులో తిథి, వారం, గంటతో సహా గుర్తున్నది అదొక్కటే. నా పెళ్లి ఏ రోజయిందో అడిగితే చెప్పలేను.

మొన్న మనవరాలు బరంపురం నుంచి కొత్త ఇంగ్లీషు గ్రామరు పుస్తకం తెచ్చుకుంది. పేజీలు తిప్పుతుంటే జిగురు వాసన కొట్టింది. ఆ రోజు ఆ కవరు లోంచీ ఇదే వాసన. నాకు తెలుగు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. ఇంగ్లీషు ఈ పిల్ల పక్కన కూర్చుని ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాను. ఈ పాఠం ఏమిటే అని అడిగితే, "హీ అని రాస్తే ఆ హీ ఎవులో ముందే తెలియాల నాన్నమ్మా. ఇద్దరు ముగ్గురుంటే ఎవులో తేలేలాగ రాయాల" అంది. నాకు తెలుసులే అన్నాను. పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

మేమప్పుడు మద్రాసు రాష్ట్రం కింద ఉండేవాళ్లం. దసరా వెళ్లి గాలి మళ్లగానే మా వాడలో మగవాళ్లలో సగం మంది రంగూన్ బియ్యపు మిల్లులకు వెళ్లిపోయేవారు. ఓడ ఒడ్డుకు రాదు, అలల అవతల లంగరు వేసుకుని పొగ వదులుతూ నిలబడుతుంది. కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని ఎక్కించి, తెడ్లవాళ్లు పాడుకుంటూ కెరటం మీద కెరటం దాటించి ఓడలోకి చేరవేసేవారు. ఆ తర్వాత వాడంతా ఆడవాళ్లదీ పిల్లలదీ. ఇసకలో ఆరబోసిన కవళ్ల చేపల వాసన, కాకులు, వెదురు గెడల మీద వలలు, ఉప్పుగాలికి చిక్కులు పడిన మా జుట్లు, రజ పండక్కి ఒడియా వాళ్ల ఇళ్ల నుంచి విస్తరాకులో వచ్చే పొడపిఠా రొట్టె అడుగున మాడిన బెల్లం ముక్క కోసం నేనూ పారీ పడే కొట్లాట. అదే మా లోకం.

పారి మా పెదనాన్న కూతురు. ఇద్దరికీ పదేళ్లు. కాకుల్ని తోలమని మమ్మల్ని చేపల దగ్గర కూర్చోబెట్టేవారు. ఎదురుగా బడి పాక. బడి మగపిల్లలకే. బరంపురం కోమట్ల అబ్బాయి, సన్నగా చీపురుపుల్లలా ఉండే సూర్యం మేష్టారు, అక్కడ బెత్తం ఊపుతూ ఇంగ్లీషు చెప్పేవారు. "పేరు ముందు! హీ వెనక! పేరు లేకుండా హీ రాసినవాడి చెయ్యి వాచిపోద్ది!" పిల్లలు గొంతు చించుకుని "హీ, హిజ్, హిమ్" అనేవారు. మాకు అర్థం ఏం తెలుసు? ఇసకలో గళ్లు గీసి, హీ అని ఒక గంతు, హిజ్ అని ఒక గంతు, హిమ్ అని రెండు కాళ్లూ ఆనించి నిలబడటం. అదొక ఆట చేసుకున్నాం. పారి ఎప్పుడూ గీత తొక్కేది కాదు.

మా ముత్తాత పేరు నూకన్న. ఆయన ముగ్గురు కొడుకులూ ఎవరికి వారు తమ పెద్దకొడుక్కి తాత పేరే పెట్టాలని పట్టుబట్టి, ముగ్గురూ పెట్టారు. అలా మా ఇంట ముగ్గురు నూకన్నలు. పారి అయ్య పొడుగు నూకన్న; వల తాడు బిగుసుకుని ఆయన ఎడమచేతి చిటికెనవేలు ఏనాడో తెగిపోయింది. మా అయ్య తెడ్డు నూకన్న. ఇంకో చిన్నాన్న బోడి నూకన్న. వాడలో ఎవరికీ తికమక లేదు. ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తా పేరడిగితే మాత్రం ముగ్గురూ ఇంటిపేరూ నూకన్న అనే చెప్పారట. పెద్దమనుషుల ముందు ఎగతాళి పేరు చెప్పుకోవడం ఏం మర్యాద?

పుష్యమాసంలో మొదటి ఉత్తరం వచ్చింది. మేష్టారు చదివారు. ఇంటిపేరు, నూకన్న, గోపాల్‌పూర్. అతను జ్వరంతో చనిపోయాడు. అతని భార్యకు తెలియజేయవలెను. అంతే.

వాకిలంతా ఒక్కసారి ఏడుపందుకుని, ఒక్కసారే ఆగిపోయింది. ఎవరు ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

"ఏ నూకన్న బాబూ?" అంది తాతమ్మ. ఆవిడ ముగ్గురికీ మామ్మ.

మేష్టారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "అది రాయలేదమ్మా. పేరు ముందుంది, హీ తర్వాతుంది. రాతలో తప్పేం లేదు."

"తప్పు నేకపోతే ముగ్గురాడోళ్లు ఎందుకు బాబూ ఏడుస్తన్నారు?"

ఆ సాయంత్రమే మేష్టారు మూడు ఎగతాళి పేర్లూ, మూడు ఒంటి గుర్తులూ అడిగి రాసుకుని, మిల్లువాళ్లకు ఉత్తరం పంపించారు. ఓడలో వెళ్లి రావడానికి నెల పైమాటే.

తాతమ్మ ముగ్గురు మనవల పెళ్లాలనీ పిలిచి కూర్చోబెట్టింది. "గాజులు ఎవులూ తియ్యకండి. బొట్టు ఎవులూ సెరపకండి. ముగ్గురూ ఒక్క కుండలో ఒండుకు తినండి. ఇంకోటి, ఇనండి. గంగమ్మకి ఎవులూ మొక్కకూడదు. నీ మొగుడు బతకాలని మొక్కితే దాని మొగుణ్ణి సంపినట్టే."

ఆ నెల రోజులూ మా అమ్మా, పారి అమ్మ లచ్చమ్మ పెద్దమ్మా, బోడి నూకన్న భార్య, కడుపుతో ఉన్న చిన్నమ్మి పిన్నీ ఒకే కప్పు కింద ఉన్నారు. ఒకరి తల ఒకరు దువ్వేవారు. చేపముక్కలో నడిమి ముక్క పక్కదాని పళ్లెంలోకే తోసేవారు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. మొగుడి పేరు నోట పలకరు గనక "ఈయన", "ఆయన" అనేవారు. ఆ నెలలో ఆ మాట కూడా మానేశారు.

నేను మొక్కాను. దాపరికం దేనికి, చావు దగ్గర పడ్డాక? మా అయ్య కిందటేడు రంగూన్ నుంచి తెచ్చిన ఎర్ర దువ్వెన ఒకటి ఉండేది, నాకున్న సొమ్మల్లా అదే. మధ్యాహ్నం పూట మొగలి పొదల అవతల గంగమ్మ రాయి దగ్గర ఇసకలో దాన్ని పాతిపెట్టి, మా అయ్య కాకూడదు తల్లీ అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మవారికి మాత్రం ఏ నూకన్నో తెలియద్దా అనిపించింది. చిన్నమ్మి పిన్ని కడుపుతో ఉంది. అందుకని పారి అయ్య పేరు చెప్పాను. పొడుగు నూకన్న అని, ఎడమచేతి వేలుతో సహా చెప్పాను.

మాఘ బహుళ తదియనాడు మేష్టారు రెండో ఉత్తరం విప్పినప్పుడు పారి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. మేష్టారి పెదాలు ముందు చప్పుడు లేకుండా కదిలాయి. తర్వాత ఆయన ఎవరి మొహమూ చూడకుండా, "ఎడమచేతి చిటికెనవేలు లేని మనిషి" అన్నారు.

నేను నవ్వాను. అనుకుని నవ్వలేదు, ఎక్కిళ్లలా అదే వచ్చింది. లచ్చమ్మ పెద్దమ్మ అరుపులో అది ఎవరికీ వినపడలేదు. పారికి వినపడింది. నా చెయ్యి వదిలేసింది.

చైత్రంలో మా అయ్య వచ్చాడు. ఇంకో పాతికేళ్లు బతికాడు. ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఎందుకే అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆ యేడే లచ్చమ్మ పెద్దమ్మకు కొడల అనే ఊళ్లో మారుమనువు కుదిరింది. బండెక్కేముందు పారి నా దగ్గరికి వచ్చింది. తదియనాటి నుంచి అది నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఇది నీదే గదా? గంగమ్మ కాడ ఇసకలో అగుపడింది."

ఎర్ర దువ్వెన. పళ్ల మధ్య ఇసక.

"తాతమ్మ వద్దన్నాది గదే. ఎవులికోసరం మొక్కినావు?"

పారి దువ్వెన నా చేతిలో పెట్టి, బండెక్కింది. తర్వాత కొడల వెళ్లి వచ్చినవాళ్లను అడిగాను, అస్కా సంతకు వెళ్లేవాళ్లను అడిగాను. దాన్ని చెరకు తోటల వైపు ఎక్కడో ఇచ్చారన్నారు. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు రేవులో ఓడల్లేవు, మసూలా పడవల్లేవు. వలలు ఆరేసిన చోట హోటలు లేచింది. బడి పాక ఉన్నచోట ఆటోలు నిలబెడుతున్నారు. మా ఇంట్లో నూకన్న అనే పేరు ఆ తర్వాత ఎవరికీ పెట్టలేదు. మనవరాలు తన లెక్కన పెన్సిలుతో హీ కింద ఒక గీత, పేరు కింద ఒక గీత గీసుకుంటోంది. నా వంతు నేనూ రాస్తున్నాను. ఆ రోజు పది గంటలకు ఆ పందిరి కింద ఉన్నవాళ్లు: మా తాతమ్మ పోలమ్మ. మా అమ్మ కామమ్మ. చిన్నమ్మి పిన్ని, కడుపులో బిడ్డ. లచ్చమ్మ పెద్దమ్మ, అప్పటికింకా గాజులతో. ఉత్తరం తెచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయిన తపాలా బంట్రోతు దండాసి. సూర్యం మేష్టారు. నేను, తెడ్డు నూకన్న కూతురు నూకాలు. నా పక్కన పార్వతి, పొడుగు నూకన్న కూతురు, నా చెయ్యి పట్టుకుని.