బుర్రకథలో ఏడో మనిషి

విదేశంలో, కార్క్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో, వృద్ధుల వార్డుకు నేను సి.ఎన్.ఎం.గా, అంటే వార్డు బాధ్యత మోసే నర్సుగా పనిచేస్తున్న రోజులవి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుంది. మే నెలలో వచ్చే నర్సుల దినోత్సవానికి, మన దేశం నుంచి ఇక్కడికి మొదట వచ్చిన నర్సుల చరిత్ర చెప్పమని పైవాళ్ళు నాకు పురమాయించారు. స్లైడ్లు వేస్తే జనం నిద్రపోతారని నా అనుభవం. అందుకని బుర్రకథ చెబుతామన్నాను. గుంటూరు జిల్లా చర్చిల్లో బైబిలు కథల్ని బుర్రకథలుగా విని పెరిగినవాళ్ళం మేము.

బుర్రకథకు ముగ్గురు కావాలి. తంబురా పట్టి కథ నడిపేది నేను. కుడివైపు వంత మా వార్డు నర్సు ప్రసాద్. మధ్యమధ్య ఇంగ్లీషులో చెప్పడం కూడా అతని పనే. ఎడమవైపు వంతది హాస్యం. కథను ఎక్కడైనా ఆపి ప్రశ్న అడిగే హక్కు ఆ వంతకుంటుంది. జవాబు చెప్పకుండా కథ ముందుకు పోకూడదు. ఆ స్థానం సలోమక్కది. డక్కీ వాయించడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది.

సలోమక్కా నేనూ ఒకే విమానంలో వచ్చాం, ఆ మొదటి జట్టు మొత్తం ఏడుగురం. ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ రావాలంటే ముందు కొన్ని వారాలు అడాప్టేషన్ చేయాలి. సీనియర్ నర్సు పక్కనుండి పని చూసి, చివర్లో సంతకం పెడుతుంది. ఆరుగురికి సంతకం పడింది. సలోమక్కకు రెండుసార్లు చేసినా పడలేదు. రోగుల దగ్గర కూర్చుండిపోతుందని, కాగితాలు ఆలస్యం చేస్తుందని రాశారు. ఆమె కేరర్‌గా, అంటే నర్సులకు సాయంగా రోగులను చూసుకునే మనిషిగా చేరి, చివరికి నా వార్డులోనే, నా కిందే పనిచేసింది. మంచాన పడ్డవాళ్ళను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం నాకు నేర్పింది మాత్రం ఆమే. ఊళ్ళో అందరికీ ఆమె నర్సు. అలాగే చెప్పుకుంది పాపం.

కార్యక్రమాన్ని ఫోన్లో ఊరివాళ్ళకు కూడా చూపిస్తారని తెలిసి, కథలో ఆరుగురినే రాశాను. అక్క గుట్టు కాపాడుతున్నాననుకున్నాను. ఆమెను ఒక్క మాట అడగలేదు. రిహార్సల్స్‌లో ఆమె కూడా ఏమీ అనలేదు.

ఆ రోజు హాలు నిండిపోయింది. ఆరుగురి పేర్లూ పాడి ఊపిరి తీసుకుంటుండగా సలోమక్క డక్కీ ఆపింది.

"ఆగమ్మా. విమానం దిగింది ఏడుగురు కదా. ఆ ఏడోది ఏమైపోయింది?"

జనం నవ్వారు, అది కథలో భాగమే అనుకున్నారు. ఆవిడ కథ పెద్దది, మరోసారి చెప్పుకుందామని తంబురా మీటాను. ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, తాళం తప్పకుండా "తందాన తాన" అందుకుంది. చప్పట్లు బాగానే పడ్డాయి.

బాలింకాలిగ్‌లో వాళ్ళింటికి కారులో దింపుతూ, ఊరివాళ్ళు చూస్తారనే అలా రాశానని చెప్పాను. ఆమె కోపం చేసుకోలేదు.

"చూస్తున్నారనే అడిగానమ్మాయ్," అంది. "నా అంతట నేను చెప్పలేక, నీ నోట చెప్పిద్దామనుకున్నా. ఇరవై ఏళ్ళుగా ఆ అబద్ధం మోసి మోసి అలిసిపోయా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. సలోమక్క నిండు సభలో అడిగింది, నేను పెట్టలేదు.

ఇప్పుడామె స్వోర్డ్స్ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. వేళ్ళు బిగుసుకుపోయి డక్కీ పట్టలేకపోతోంది. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆ సంగతి ఎత్తదు. నాకే, ఇంకొక్కసారి ఆ వేదికెక్కాలని, ఎడమవైపు నుంచి ఆమె కథ ఆపి మళ్ళీ అలా అడగాలని చాలా ఉంటుంది. జవాబు పాట కట్టి పెట్టుకున్నాను. ఆమె లేకుండా పాడబుద్ధి కాదు.

వార్డులో మాకో నియమం ఉండేది. రోగి గురించి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు ఆ రోగినే అడగాలి, మన దయతో మనమే తేల్చేయకూడదు. ఒకరి చరిత్ర చెప్పేటప్పుడూ అంతే. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ ఆ నియమం నేర్పాను. సలోమక్క విషయంలో నేనే తప్పాను.