నేను చేయించిన ప్రమాణాలు

మా వీధి ఆడవాళ్ల సంఘంలో నన్ను తలైవి అనేవారు. నాయకురాలు అనే ఆ తమిళ మాట వింటే నాకు ఒళ్లు పొంగేది, అబద్ధమెందుకు. పెళ్లయిన ఆరో ఏట మా ఆయన నా జుట్టు పట్టి గోడకేసి కొడుతుంటే, చేతికందిన రోకలితో ఆయన మోచేయి విరగ్గొట్టాను. మళ్లీ నా మీద చెయ్యెత్తలేదు. ఆ రోకలి దెబ్బే నన్ను తలైవిని చేసింది. ఏ ఇంట్లో మొగుడు కొట్టినా నా దగ్గరికే వచ్చేవారు.

నాకో పద్ధతి ఉండేది. కొట్టినవాణ్ణి అమ్మవారి గుడి ముందుకు పిలిపించేదాన్ని. పళ్లెంలో కర్పూరం, మా మాటల్లో సూడం, వెలిగించి, మండుతున్న దాన్ని అరచేత్తో కొట్టి ఆర్పించి, ఇక కొట్టనని సత్యం చేయించేదాన్ని. తమిళనాట మా రాజపాళయంలో పోలీసుకు భయపడని మగాడు కూడా ఆ మంటకు భయపడతాడు. మాట తప్పితే వంశం నిలవదని నమ్మకం. మా వీధి గొడవ ఏదీ స్టేషన్ మెట్టెక్కలేదని, మీసం లేని పెద్దమనిషిలా గొప్పలు పోయేదాన్ని.

మంసాపురం నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన ఒక పిల్ల బ్యాండేజీ గుడ్డ చుట్టే కంపెనీలో నా పక్క బల్ల మీద పనిచేసేది. మొగుడు షేర్ ఆటో తోలేవాడు. ఒక ఆదివారం పొద్దున వచ్చి నా గుమ్మంలో కూలబడింది. స్పానర్‌తో కొట్టాడట. నడినెత్తి చీలి రక్తం చెవిలోకి కారుతోంది. మేం రోజూ చుట్టే గుడ్డే తీసి కట్టాను. మూడు చుట్లూ ఎర్రబడిపోయాయి.

"అక్కా, ఈ తూరి స్టేషన్‌కు పోదాము," అంది. "సూడం అంతా వద్దు. వాడు నన్ను సంపకుండా ఇడవడు."

"స్టేషన్‌కు పోతే కాపురం ముగిసినట్టే గదా. నేను ఉండాను, నువ్వు భయపడవద్దు," అన్నాను.

తలకట్టును చేత్తో అదిమి పట్టుకుని ఇంటికి వెళ్లింది. పదిమందికి చెప్పే నోరు నాది. నాకు ఎదురు చెప్పే నోరు ఆమెకెక్కడిది.

ఆ మధ్యాహ్నమే వాణ్ణి పిలిపించాను. వీధంతా చూస్తుండగా మంట మీద చెయ్యి కొట్టాడు. వాడి కళ్లలో నీళ్లు చూసి మారాడనుకున్నాను. అది పశ్చాత్తాపం కాదు, నలుగురిలో తల దించుకున్న మంట. అదీ తెలుసుకోలేని దాన్ని నేను తలైవినట.

మూడో రోజు ఆమె పనికి రాలేదు. అన్నం వేళకు వాళ్లింటికి వెళ్లాను. లోపల గడియ పెట్టి ఉంది, అరుపు వినిపిస్తోంది. వాకిట్లో ఉన్న సన్నికల్లు పొత్రం ఎత్తి తలుపు మీద మోదాను. నాలుగో దెబ్బకు గడియ ఊడింది. వాడు ఆమె నడుం మీద మోకాలు ఆనించి, కుడిచేతిని గ్యాసు మంట మీద అదిమి పట్టుకున్నాడు. చర్మం కమిలి వేళ్ల మీంచి ఊడి వస్తోంది.

"కొట్టనని గదా సత్యం చేసినాను," అంటున్నాడు ఆమె చెవిలో. "ఇప్పుడు నిన్ను కొట్టినానా? చెప్పు, కొట్టినానా?"

పొత్రంతో వాడి భుజం పగలగొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. వాడు నా పిక్క కొరికితే ఆ నోటి మీదే తన్నాను. పక్కింటివాళ్లు పట్టి లాగేదాకా ఆగలేదు. ఆ కొట్టడంలో నాకు సుఖముంది, ఇప్పటికీ దానికి సిగ్గుపడతాను. వాణ్ణి కొడుతున్నంతసేపూ నేను చేసిన పని గుర్తుకు రాలేదు.

ఆ పిల్లను చేర్చిన పెద్దాసుపత్రికి మహిళా స్టేషన్ నుంచి ఎస్సై అమ్మ వచ్చింది. మంచం పక్కన నిలబడి వాంగ్మూలం రాసుకుంటూ, ఇంతకు ముందే ఎందుకు కంప్లైంట్ ఇవ్వలేదని అడిగింది. ఆమె నా వైపు చూడలేదు.

"నాకు తోచలేదు మేడం," అంది.

ఆ కాలిన చేతితో పడుకుని నా పరువు కాపాడుతోంది.

"తోచింది మేడం," అన్నాను. "స్టేషన్‌కు పోదామని నన్ను అడిగింది. వద్దని తిరిగి పంపినది నేనే. అట్లే రాసుకోండి."

రాసుకుంది. కింద నా సంతకం తీసుకుంది. ఆవిడ వెళ్లాక ఆ పిల్ల కళ్లు మూసుకునే అడిగింది.

"ఎందుకక్కా చెప్పినావు? ఇంక నీ దగ్గరికి ఎవరు వస్తారు?"

ఎవరూ రాలేదు. వాడు జైలుకు పోయాడు. ఆడవాళ్లు ఇప్పుడు ఆమె దగ్గరికి పోతున్నారు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు కనుక గుడ్డ చుట్టే పని మానేసి, ఎడమచేత్తో పిటిషన్లు రాయడం నేర్చుకుంది. స్టేషన్‌కు తోడు కావాలంటే నన్ను పిలుస్తుంది, వెళ్తాను. ఎవరు తల పగిలి వచ్చినా, పెదవి చిట్లి వచ్చినా, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఆమె మొదట అడిగేది ఒకటే: "నీకు ఏం కావాల?"

అన్నేళ్లు తలైవిగా ఉండి ఆ మాట నేను ఒక్కరినీ అడగలేదు.