పెంపకానికి తెచ్చిన పడ్డ మాదెలా అయిందంటే

ఇది రాసి పెట్టడానికి కారణం ఉంది. మా ఊళ్ళో ఈమధ్య మా ఇంటి గేదెల మాట వస్తే చాలు, "వాళ్ళకేం, ఆసామి ఊరికే ఇచ్చిన గేదెతో బాగుపడ్డారు" అంటున్నారు. ఆ ఆసామి మనవళ్ళు అదే నమ్ముతున్నారు. మా పిల్లలు సగం నమ్ముతున్నారు. ఆయన ఊరికే ఇవ్వలేదు. ఎలా ఇచ్చాడో తెలిసినవాళ్ళం మా ఇంట్లో ముగ్గురమే మిగిలాం.

ఇంకో కారణం కూడా ఉంది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పశుపోషణ మీద ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, గాలికుంటు దగ్గర్నుంచి గొంతువాపు దాకా లక్షణాలు పుస్తకం చూడకుండా చెప్పగలను. దాణా ఎంత పెట్టాలి, నీళ్ళెన్ని తాగించాలి, అన్నీ ఉన్నాయి ఆ పుస్తకాల్లో. కూలికి పోయే ఇంటికి అసలు గేదె ఎలా వస్తుందో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. లేనిదాన్ని ఎవరో ఒకరు రాయాలి కదా.

ఎనభైల్లో సంగతి. పత్తికి తెల్లదోమ పట్టి, రైతులు పురుగుమందుల కొట్ల చుట్టూ తిరుగుతున్న రోజులు. మా ఇంట్లో అత్త, మా ఆయన, నేను. పత్తితీతలు, మిరపకోతలు ఉన్నన్నాళ్ళు కూలికి లోటుండేది కాదు. కల్లాలు ఖాళీ అయ్యాక వానలు పడేదాకా ఏమీ ఉండేది కాదు. ఆ నెలలు గడవడానికి మగవాళ్ళు ఎవరో ఒక రైతు దగ్గర ముందుగా డబ్బు తీసుకుని ఏడాదికి పాలేరుగా కుదిరేవాళ్ళు. కుదిరాక ఆ ఏడంతా ఆ మనిషి ఆ రైతువాడే. తీసుకున్నది తీరకపోతే మరుసటేడూ అంతే. మా మామ అలా ఒక్క ఏడాదికని కుదిరి, పోయేదాకా పాలేరుగానే ఉన్నాడు. కొడుకుని మాత్రం ఆ గడప తొక్కనివ్వనని అత్త ఒట్టు పెట్టుకుంది. ఒట్టు నిలవాలంటే ఏడాది పొడుగునా ఎంతోకొంత వచ్చే ఆధారం ఉండాలి. అందుకే ఆసామి దగ్గర ఒక గేదెపడ్డని పెంపకానికి తెచ్చింది.

పెంపకం అంటే మా వైపు పద్ధతి ఇది. పశువు రైతుది, మేపు మనది. పడ్డ పెరిగి మొదటిసారి ఈనాక ధర కడతారు. ఒకరు ధర చెప్పాలి. రెండోవాళ్ళు గేదె కావాలో, ధరలో సగం డబ్బు కావాలో కోరుకోవాలి. గేదెని ఉంచుకున్నవాళ్ళు అవతలివాళ్ళకి సగం ఇవ్వాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పెంచినవాళ్ళ దగ్గర డబ్బుండదు కాబట్టి గేదె రైతింటికే పోయేది. పెంచినవాళ్ళు సగం డబ్బు తీసుకుని, అది ఖర్చయ్యాక మళ్ళీ ఇంకొకరి పడ్డని తోలుకొచ్చుకునేవాళ్ళు. మా ఊళ్ళో కూలిజనం పెంచిన గేదెలు ఎన్నో ఉన్నాయి. కూలివాళ్ళ గేదె అన్నది లేదు.

మా పడ్డ సూడిదై, ఈనడానికి ఇంకా రెండు నెలలుండగా ఆసామి మా పాక దగ్గరికొచ్చాడు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏమ్మే, లెక్క తేల్చుకుందామా?" అన్నాడు అత్తతో.

"ఈననివ్వండయ్యా. ఈనాక గదా లెక్క."

"అందాకా ఎందుకులే. ఈసారి ధర నువ్వే చెప్పు. నేను కోరుకుంటా. అమావాస్య ఎళ్ళాక వస్తా." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "డబ్బుకి బెంగపడమాక. లేకపోతే మీవోణ్ణి ఓ ఏడు మా కాడ ఉంచు, సరిపోద్ది."

ఆయన మలుపు తిరిగేదాకా అత్త చూస్తూ నిలబడింది. తర్వాత అంది: "మూడేళ్ళలో పాకలో అడుగుపెట్టని మనిషి. ఇవాళ ధర నన్నే చెప్పమంటన్నాడు. మంచితనం ఊరికే రాదే అమ్మాయ్."

ఆ అనుమానానికి పక్కింటి అక్క ఇంకో పుల్ల ఎగదోసింది. ముందురోజు మేం చేలో ఉండగా ఆసామి ఒక గేదెల బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడట. ఆ బేరగాడు పడ్డ నోరు తెరిచి పళ్ళు చూశాడట, పొదుగు తడిమాడట. ఆఖర్న ఇద్దరూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకున్నారట.

మా సంతల్లో పశువుల ధర పైకి చెప్పరు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంతుపట్టదు.

"ఎన్ని వేళ్ళు పట్టాడే?" అత్త ఆత్రంగా అడిగింది.

"గుడ్డ కప్పేది కనపడకుండా ఉండటానికే గదంటే! తడిక సందులోంచి నాకెట్టా కనపడుద్ది?" అంది అక్క.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి విషయం విడదీసి చెప్పాను. బేరగాడి ధర కన్నా మనం తక్కువ చెబితే ఆసామి మనకి సగం ఇచ్చి, గేదెని తోలుకుపోయి ఎక్కువకి అమ్ముకుంటాడు. ఎక్కువ చెబితే గేదెని వదిలేసి సగం డబ్బు అడుగుతాడు. మన దగ్గర లేదని ఆయనకి తెలుసు. అప్పుడు మా ఆయన్ని పాలేరుగా అడుగుతాడు. అందుకని గేదె పోయినా, ఉన్నా ఏడవక్కర్లేని ధర చూసి చెప్పాలి అన్నాను.

"నీ పుస్తకం ఎప్పుడన్నా గేదెని మేపిందా? ఎంతిచ్చినా సరే, అది పోతే నేను ఏడుస్తా. బేరగాడికన్నా ఎక్కువే చెప్తాం. సగం డబ్బు తెస్తాం. ఊళ్ళో పిట్టకి కూడా తెలవకూడదు" అంది అత్త.

"ఎంతలో సగమే? ఆ వేళ్ళెన్నో తెలిస్తే గదా!" అన్నాడు మా ఆయన.

దానికి అత్తే ఉపాయం చెప్పింది. సంతరోజున ఆ బేరగాడి దగ్గరికే మా ఆయన్ని పంపింది, వేరే ఊరి మనిషిలాగా. మా ఆయన పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు.

"సూడిపడ్డ ఉంది, రెండు నెలల్లో ఈనుద్ది, అమ్ముతానన్నా. గుడ్డ కప్పాడు."

"కప్పి?"

"మూడు వేళ్ళు పట్టాడు. నేను చెయ్యి లాక్కోబోయా. నాలుగో వేలు సగందాకా పట్టి వదిలాడు. మూడున్నర వేల రూపాయలన్నమాట. ఆనక ఏ ఊరనడిగాడు."

"ఏ ఊరని చెప్పావురా?"

"మా అత్తగారి ఊరు."

"మా ఊరెందుకు చెప్పావయ్యా?" అన్నాను నేను. "వాడు అక్కడికి పోయి ఆరా తీస్తే మా నాన్న అబద్ధం చెప్పలేడు. అంతా కక్కేస్తాడు!"

బేరగాడు చూడని పడ్డకే మూడున్నర అన్నాడంటే, చూసిన పడ్డకి ఇంకాస్త అని ఉండొచ్చు. అందుకని నాలుగు వేలు చెప్పాలనుకున్నాం. అంటే రెండు వేలు చేతిలో ఉండాలి. కోతలయిపోయిన చేలల్లో అత్త ఏరుకొచ్చి ఎండబెట్టిన మిరపకాయలు ఒక బస్తా ఉన్నాయి. ఊళ్ళో అమ్మితే ఎందుకని అడుగుతారని, మా ఆయన గుంటూరు తీసుకెళ్ళి అమ్మొచ్చాడు. నా దుద్దులు తాకట్టుకి పోయాయి. అడిగినవాళ్ళకి చెవి పుండు పడిందని చెప్పాను. అయినా సగానికి పైగా తక్కువే.

అప్పుడు మా కబురందుకుని పిడుగురాళ్ల నుంచి మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, అక్కడ సున్నపు బట్టీల్లో పనిచేస్తుంది. సున్నానికి పగిలిన చేతులు కడుక్కోకుండానే అంది: "ముందు పడ్డని చూపించండి. డబ్బు మాట ఆనక."

చూసింది. వంగి మరీ చూసింది. "చన్నులు నాలుగూ ఉన్నాయా?"

"నీకు కళ్ళు రెండూ ఉన్నాయి గదంటే, చూసుకో!" అంది అత్త.

చూసుకున్నాకే నడుము దగ్గర దోపుకున్న మూట తీసింది. "ప్రేమతో ఇస్తన్నాననుకునేరు. వీడు పాలేరుగా పోతే రేపు నాకు పుట్టింట్లో దిక్కెవరు? అందుకని ఇస్తన్నా" అంది.

అమావాస్య వెళ్ళాక ఆసామి వచ్చాడు. నులకమంచం వేశాం, కూర్చోలేదు. పడ్డ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పు మరి."

"నాలుగు వేలయ్యా."

ఆయన అత్తని ఎగాదిగా చూశాడు. "సగం ఇయ్యగలవనేనా?"

"కోరుకోవడం మీది. ఇయ్యడం సంగతి మాది."

మా ఆయన గుంజకి ఆనుకుని నేల చూస్తున్నాడు. గేదె అంటే గేదె పోతుంది. డబ్బు అంటే మా చేతిలో ఉన్నదంతా పోతుంది. డబ్బొద్దు, వాణ్ణే నా దగ్గర పెట్టు అని పట్టుబడితే ఏం చెప్పాలో మేం అనుకోలేదు. ఆసామి వీధి వైపు ఒకసారి చూశాడు.

"గేదెని మీరే ఉంచుకోండి" అన్నాడు.

అత్త కొంగుముడి విప్పి రెండు వేలూ చేతిలో పెట్టింది. ఆయన ఆ నోట్లని అలాగే మడిచి జేబులో పెట్టుకుని, గబగబా వెళ్ళిపోయాడు.

నాకైతే గెంతాలనిపించింది. అత్త మొహం మాత్రం మాడిపోయింది.

"లెక్కెట్టుకోలేదు చూశావా! లెక్కెట్టకుండా డబ్బు తీసుకునే రైతుని నా జన్మలో చూళ్ళేదు. బేరగాడు ఏదో కనిపెట్టాడు. పడ్డలో ఏదో ఉందే!"

"మొన్నటిదాకా తోలుకుపోతాడని ఏడిచావు, ఇవాళ తోలుకుపోలేదని ఏడుస్తన్నావు. ఏంది నీ బాధ?" అన్నాడు మా ఆయన.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అత్త రోజూ పొదుగు తడిమి చూసేది. నేను గ్రంథాలయంలో జబ్బుల అధ్యాయం మళ్ళీ చదివాను. చదివిన ప్రతి జబ్బూ మా పడ్డకి ఉన్నట్టే తోచింది. అది తుమ్మితే ఒక పేజీ, నెమరు ఆపితే ఒక పేజీ. ఊళ్ళో ఎవరన్నా దానివైపు చూస్తే వీళ్ళకి కూడా తెలుసు కాబోలు అనుకునేవాళ్ళం.

పెయ్యదూడని ఈనింది. అత్త నాలుగు చన్నులూ విడివిడిగా పిండి చూసింది. నాలుగింటా పాలొచ్చాయి. నేను అత్త మొహంలోకి చూశాను.

"ఇంకా చూద్దాం" అంది.

జున్నుపాలు అయ్యాక పాలకేంద్రానికి పోయడం మొదలుపెట్టాం. పదిహేను రోజులకోసారి డబ్బొచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు కూడా అత్త ఇందులో కోత ఎంత పెట్టారోనని నన్ను లెక్క చూడమంది. కోతేమీ లేదు. వదిన అప్పు తీరింది. నా దుద్దులు మరుసటేడు ఇంటికొచ్చాయి. ఆ ఎండాకాలం మా వీధిలో మగవాళ్ళు పాలేర్లుగా కుదరడానికి వెళ్తుంటే మా ఆయన పాక ముందు చొప్ప నరుకుతూ కూర్చున్నాడు. అటుగా వెళ్ళేవాళ్ళు, "ఏరా, నువ్వు రావా?" అని అడిగితే అత్తే బదులు చెప్పింది: "వాడికి ఇంట్లో పనుంది."

చాలా ఏళ్ళకి ఆసామి గ్రంథాలయంలో పేపరు చదువుకుంటూ కనిపించాడు. గేదెని ఎందుకు వదిలేశారని ధైర్యం చేసి అడిగాను.

"ఆ రోజు పురుగుమందుల కొట్టోడు బాకీ కోసం మా గుమ్మంలో కూర్చోనున్నాడమ్మా. బేరగాడు సంత దాటాక ఇస్తానన్నాడు. మీరు చేతిలో పెట్టారు" అన్నాడు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. "నీకట్టా చెప్పాడు. మరి మావోణ్ణి పాలేరుగా ఎందుకడిగాడంట?" అంది. అది నేను అడగలేదు. అడగడానికి ఆయన ఇప్పుడు లేడు.

సాయపడినవాళ్ళకి పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. కానీ పేరు రాస్తే రేపు ఎవరో వచ్చి సంతకం అడుగుతారని అత్త ఒప్పుకోలేదు. కాబట్టి వరసలతోనే చెబుతున్నాను. పడ్డని చూడందే పైసా తియ్యని మా వదినకి, తడిక సందులోంచి చూసిన పక్కింటి అక్కకి, ఇంటికి పుస్తకాలు ఇవ్వకూడని రోజుల్లో నాకు ఇచ్చిన గ్రంథాలయం అయ్యగారికి, గుడ్డ కింద చెయ్యి పెట్టి వణక్కుండా నిలబడ్డ మా ఆయనకి, ఆ బేరగాడికి అబద్ధం చెప్పే అవసరం రాని మా నాన్నకి, గట్ల మీద గడ్డి కోసుకోనిచ్చిన రైతులకి, అందరికన్నా ముందు మా అత్తకి. ఆసామికి కూడా. ఆ ఒక్క మాటా అత్తకి చదివి వినిపించేటప్పుడు వదిలేస్తాను.