కాలిన గాయాల వార్డులో మా సిస్టర్

సిస్టర్ పోయారని బుధవారం పొద్దున తెలిసింది. రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "సిస్టర్ ఇగ లేదంట" అని మాత్రం అనగలిగింది. నిద్రలోనే గుండె ఆగిందట. రిటైరై ఏడాది కూడా కాలేదు. మూసాపేటలో కూతురింట్లో ఉంటున్నారు. నేను పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కాలిన గాయాల వార్డులోనే ఉద్యోగమంతా గడిపిన నర్సు. నాలుగేళ్ల కిందట నా భార్యను బతికించినవాళ్లలో ఒకరు.

మా ఆవిడ కొత్తగూడలో కర్రీ పాయింట్ నడిపేది. ఒక మధ్యాహ్నం గ్యాస్ పైపు నుంచి మంట లేచింది. రెండు చేతులు, ఛాతీ, వీపులో సగం కాలాయి. నేను దవాఖానకు చేరేసరికి తను మాట్లాడుతూనే ఉంది. "పనోళ్లకేం కాలేదు గదా" అని అడిగింది.

మర్నాడు రిపోర్టు చూస్తే హిమోగ్లోబిన్ మామూలు కన్నా ఎక్కువే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "రక్తం మంచిగనే ఉంది గదా సిస్టర్" అన్నాను.

సిస్టర్ బాపట్ల వైపు మనిషి. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. "ఒళ్లు కాలినప్పుడు రక్తంలోని ప్లాస్మా నరాల్లోంచి బయటికి ఊరిపోతుందండి. అంటే నీళ్లలాంటి భాగం. మిగిలింది చారు మరిగినట్టు చిక్కబడుతుంది, అందుకే ఎక్కువ కనిపిస్తోంది. నిజానికి ఆ వేడికి ఎర్రకణాలు కూడా చాలా చితికిపోయి ఉంటాయి. అది ముందుముందు బయటపడుతుంది. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు బాబూ, రేపు అంకె పడిపోతే హడలిపోకూడదని."

అట్లనే జరిగింది. సెలైన్ ఎక్కించారు, ప్లాస్మా ఎక్కించారు. రోజులు గడిచేకొద్దీ హిమోగ్లోబిన్ దిగుతూ వచ్చింది. కట్టు మార్చినప్పుడల్లా కొంత రక్తం పోయేది. చచ్చిన చర్మం తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించిన రోజు ఇంకా పోయింది.

సిస్టర్ కట్టును ఎన్నడూ పీకలేదు. తడిపి, అది నానిందాకా పక్కనే నిలబడి ఏదో కీర్తన సన్నగా పాడుకునేవారు. తొందరపడే కొత్త నర్సులతో "పుండుకి మన డ్యూటీ టైము తెలీదమ్మా" అనేవారు. రక్తం సంచీ తగిలించే ముందు పేరు, నంబరు, గ్రూపు పైకి చదివి, ఇంకో నర్సుతో మళ్లీ చదివించేవారు. ఆ వార్డులో నా భార్య పేరును అంత శ్రద్ధగా పలికిన మనిషి ఇంకొకరు లేరు.

అలాంటి మనిషి మీద నేను ఒకసారి అరిచాను. ఆపరేషన్ తర్వాత మూడో రోజు, మళ్లీ పరీక్షలకు రక్తం తీస్తున్నారు. "ఒకదిక్కు ఎక్కిస్తరు, ఒకదిక్కు గుంజుతరు. ఏంది సిస్టర్ ఇది?" అన్నాను. వార్డంతా మా వైపు తిరిగింది. ఆమె ట్యూబు మీద పేరు రాసి పెట్టారు. మర్నాడు చూస్తే బల్ల మీద పసిపిల్లలకు వాడే చిన్న ట్యూబులున్నాయి.

"డాక్టరుగారితో, ల్యాబువాళ్లతో మాట్లాడానండి. ఇకనుంచి వీటిల్లోనే తీస్తాం, అవసరమైనవన్నీ ఒక్కసారే. మీరన్న మాటలో నిజముంది" అన్నారు. నేను తలెత్తలేకపోయాను. "కోపమొచ్చిందంటే ఆశ ఉన్నట్టేనండి" అని నా భుజం తట్టి వెళ్లారు.

అతికించిన చర్మం మెల్లగా పట్టుకుంది. రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది. కానీ మా ఆవిడ తన చేతులకేసి చూసేది కాదు, వేళ్లు కదిపేది కాదు. గాయాలు బాగా మానాక సిస్టర్ ఇంటి నుంచి డబ్బాలో గోధుమపిండి ముద్ద తెచ్చారు. "జర పిసుకమ్మా" అన్నారు, మా యాసను తన యాసలో కలిపి. మా ఆవిడ మొహం తిప్పుకుంది. తర్వాత రెండు వేళ్లతో నొక్కింది. ఇంకోసారి నొక్కి, వేలికంటింది నాలుకకు తాకించి, "ఇందుల ఉప్పు వెయ్యలే సిస్టర్" అంది.

సిస్టర్ పడీపడీ నవ్వారు. నేను కిటికీ దిక్కు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇంటికి పంపే రోజున నా బ్లడ్ గ్రూపు అడిగారు. ఏబీ అన్నాను. నా రక్తం ఏబీ వాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నానని చెప్పాను. "ఎర్రకణాల సంగతి అంతేనండి. ప్లాస్మా అలా కాదు. మీది ఏ గ్రూపు వాళ్లకైనా ఎక్కించొచ్చు. ఈ వార్డుకి మీలాంటివాళ్లు కావాలి" అన్నారు. అప్పటి నుంచి బ్లడ్ బ్యాంకు పిలిచినప్పుడల్లా వెళ్లి ప్లాస్మా ఇస్తున్నాను. మా ఆఫీసులో ఏబీ వాళ్లు ఇంకో ఆరుగురు దొరికారు. అది ఎవరికి ఎక్కుతుందో మాకు తెలియదు. ఆమెకు చెబితే మాత్రం, "ఎవరో ఒకమ్మాయి ఇంటికెళ్తుందిలెండి" అనేవారు.

గురువారం మధ్యాహ్నం సమాధుల తోటకు వెళ్లాం. పాటలు అయిపోయాక అందరూ వరసలో వచ్చి పిడికెడు మట్టి వేశారు. బంధువుల తర్వాత ఎవరూ పిలవకుండానే వార్డులో కోలుకున్నవాళ్లు ముందుకొచ్చారు. రెండు రంగుల చర్మం ఉన్న చేతులు, వంకర తిరిగిన వేళ్లు, మణికట్టు దాకా మెరిసే మచ్చలు. మా ఆవిడ చీర కొంగుతో చేతులు కప్పుకోలేదు. వంగి, మట్టి తీసుకుని, గడ్డలు లేకుండా వేళ్లతో మెత్తగా నలిపి, నెమ్మదిగా జారవిడిచింది.