పోగు తెగిన సైగ

ఇందాక మనవరాలి ఫోను ఉన్నట్టుండి బూరలా మోగింది. సునామీ హెచ్చరిక, ఇది పరీక్ష మాత్రమే అని తెలుగులో చదివి వినిపించింది కూడా. పిల్ల నవ్వి దాని నోరు మూయించి, తిరుపతిలో మూడో అంతస్తులో ఉన్న మనకి సముద్రం ఎక్కడిది నానమ్మా అంది. నాకు మాత్రం కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఎందుకు లేచిందో చెప్తాను రాసుకోమంటే, ఇదిగో, రాస్తోంది.

నగరిలో మా అత్తగారింట మరమగ్గాలుండేవి. అలాంటి వీధుల్లో కాపురం చేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ నేల పొద్దస్తమానం వణుకుతూనే ఉంటుంది. చెంబులో నీళ్ళు కదలకుండా ఉన్నాయంటే కరెంటు పోయిందని లెక్క. ఆ మోతలో మాట వినపడదు గనక మాకు సైగలే భాష. నేను అక్కా అని పిలిచే తోడికోడలు, మా బావగారి భార్య, షెడ్డుకి ఆ చివర, నేను ఈ చివర. అన్నం ఉడికిందా అన్నా, అత్త వస్తోంది అన్నా చేతులతోనే. చెయ్యెత్తి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించిందంటే పోగు తెగింది, ఉన్నపళంగా రమ్మని. చంకలో బిడ్డ ఉన్నా సరే పరుగెత్తాల్సిందే, లేకపోతే బట్ట పాడవుతుంది.

సునామీ వచ్చిన ఏడు, పున్నమికి సముద్రస్నానం చేద్దామని మా వీధి ఆడవాళ్ళం వ్యాను మాట్లాడుకుని శ్రీహరికోటకు దిగువన ఒక జాలర్ల పల్లెకి వెళ్ళాం. ముందురోజే చేరి తుఫాను షెల్టరు వరండాలో పడుకున్నాం. తెల్లవారుతుండగా ఒళ్ళంతా తెలిసేలా నేల వణికింది. ఎవరో మగ్గం వేసినట్టున్నారే అని నేను గొణిగితే, కరెంటు వచ్చినట్టుందిలే పడుకో అని అక్క అటు తిరిగింది. మా ఆడవాళ్ళలో ఒక్కరూ లేవలేదు. ఊరివాళ్ళు మాత్రం బయటికొచ్చి నిలబడ్డారట.

పొద్దెక్కాక పసుపు కుంకుమలు అమ్మే ఒక ముసలమ్మ దగ్గర అన్నీ కొనుక్కుని నీళ్ళలోకి దిగాం. అక్క దిగలేదు. ఇసుకదిబ్బ మీద కూర్చుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

"ఏమ్మే, ఈ ఊర్లో మగ్గం యాడుండాది?" అని కేకేసింది.

"కలగన్నావేమోలే, రా అక్కా."

"ఇద్దరికీ ఒకే కల వస్తాదా?"

నేను నవ్వేసి మునిగాను. లేచి చూస్తే నడుం దాకా ఉన్న నీళ్ళు కాళ్ళ దగ్గరికి దిగిపోయాయి. సముద్రం ఎవరో చాప చుట్టినట్టు వెనక్కి పోతోంది, దాని వెనకే మావాళ్ళు గవ్వలేరుకుంటూ పోతున్నారు. అంతలో మోత మొదలైంది, వంద మగ్గాలు ఒక్కసారి వేసినట్టు. అక్క నోరు తెరిచి అరుస్తోంది గాని ఒక్క ముక్క వినపడలేదు. అప్పుడు చెయ్యెత్తి రెండు వేళ్ళు ఆడించింది.

ఎందుకని అడగలేదు, వెనక్కి చూడలేదు. మగ్గం దగ్గరికి పరుగెత్తినట్టే దిబ్బ ఎక్కేశాను. మా వీధి వాళ్ళంతా అంతే, తడి చీరలతో, కొంగులో గవ్వలతో. షెల్టరు మెట్లెక్కి తిరిగి చూసేసరికి మేం నిలబడ్డ చోట ఇసుక లేదు.

పసుపమ్మిన ముసలమ్మ కిందే ఉండిపోయింది. ఆమె కూడా అక్క వైపే చూసింది, చేతులాడిస్తుంటే నవ్వి తనూ చెయ్యి ఊపింది. మా సైగ ఆమెకేం తెలుసు! అక్క మళ్ళీ ఎప్పుడూ సముద్రం దగ్గరికి పోలేదు. పసుపు కలిపినప్పుడల్లా మాత్రం, "ఆయమ్మకి ఎట్లా చెప్పుంటే అర్థమయ్యుండేది మే?" అని నన్నడిగేది. నేను పసుపులో ఇంకాసిని నీళ్ళు పోసి కలిపేదాన్ని.

ఇప్పుడు మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. అక్క కూడా పోయింది. ఈ మూడో అంతస్తులో చెంబులో నీళ్ళు అద్దంలా నిలబడి ఉంటాయి, అవి చూస్తే నాకేదో ఆగిపోయినట్టుంటుంది. ఫోన్లోనే హెచ్చరిక వచ్చే కాలం వచ్చింది, మంచిదే, పసుపమ్మే ముసలమ్మకీ అర్థమయ్యేలా చెప్తుంది. అక్క వింటే ఎంత సంతోషించేదో. పిల్ల రాయడం ఆపి, ఆ సైగ తనకీ నేర్పమంటోంది. నేర్పుతాను గాని, దానికి అదొక ఆట. వేళ్ళు ఆడించగానే చేతిలో పని పారేసి పరుగెత్తేదాన్ని ఇంక నేనొక్కదాన్నే. ఆడించేవాళ్ళే లేరు.