మాల తీసే రోజు

నా నొసటి మీద కుట్లు చూసి బాత్రూంలో జారిపడ్డావా అని అడిగిన వాళ్లందరికీ అవుననే చెప్పాను. నిజానికి అది అరవణ డబ్బా అంచు గీసుకుపోయిన గాయం. మా ఆయన శబరిమల నుంచి తెచ్చిన ప్రసాదం డబ్బా. ఆ పొద్దున వాళ్లమ్మ చేత అయ్యప్ప మాల తీయించుకున్నాడు, మధ్యాహ్నానికల్లా దోస్తులతో పోయి తాగి వచ్చాడు, కూరలో ఉప్పెక్కువైందని మూత తీసి ఉన్న డబ్బాను నా ముఖానికేసి కొట్టాడు. నెత్తురు కంట్లోకి కారుతుంటే, చీమలు పడతాయని కింద ఒలికిన పాయసాన్ని తుడిచింది కూడా నేనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాకు ఏటా ఇదే తంతు. మాల మెడలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. ఏడాదంతా నా జుట్టు పట్టి ఈడ్చిన మనిషిని నేను ‘స్వామీ’ అనాలి, ఆయన నన్ను ‘మాతా’ అంటాడు. మా హుస్నాబాద్‌లో అందరూ మనిషి మారాడని మెచ్చుకునేవాళ్లు. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. మామూలు రోజుల్లో దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియదు, మాల తీసే రోజు తప్పకుండా పడుతుంది. దీక్షంతా ఆపుకున్న దాహాన్ని ఆ ఒక్క పూటలో తీర్చుకునేవాడు. ముందటేడు అలాంటి రోజే నా మణికట్టు విరిగింది.

కుట్లు విప్పిన నర్సమ్మ మాత్రం నా అబద్ధం నమ్మలేదు. కరీంనగర్‌లో ఒక చర్చి వెనక, బడి గదిలో, ఆదివారం సాయంత్రాలు తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుంటారని, వాళ్లాయన అక్కడే బాగుపడ్డాడని చెప్పింది. ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, చర్చి గడప తొక్కిస్తావా అని ఎడాపెడా వాయించాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

మరుసటేడు ఆయన మళ్లీ మాల వేసుకున్నాక, చెయ్యి లేవదన్న ధైర్యంతో నేనొక్కదాన్నే వెతుక్కుంటూ పోయాను. ఏమని అడగాలో తెలియక చర్చి చుట్టూ తిరిగి, చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్‌ను ట్యూషన్ చెప్పే బడి గది ఎక్కడని అడిగాను. వాడు నా నొసటి మచ్చ వంక చూసి, రోడ్డంతా వినబడేలా, “తాగుబోతుల మీటింగా? సీదా పోయి ఎడమకు తిరుగు” అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పళ్లు కొరుక్కుంటూ ఎడమకు తిరిగాను.

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, టీ ఫ్లాస్కు, కొందరు మగవాళ్లు. ఆ పూట ఇంటివాళ్లు కూడా కూర్చోవచ్చట. బక్కపలచటి ఒకాయన నా సంగతంతా విన్నాడు. మాల తీశాక మా ఆయనను ఎట్లాగైనా తీసుకొస్తానన్నాను.

“తీసినంక రాడక్కా,” అన్నాడు. “నేను గూడ మాలలు ఏసినోన్నే. తీసిన్నాడే మా ఇంటామె పళ్లు రాలగొట్టిన. మెడల ఉన్నప్పుడే పట్టుకరా.”

మా ఆయన శబరిమల నుంచి తిరిగొచ్చింది కూడా ఆదివారమే. మా అత్త హారతి పళ్లెం పట్టుకుని మాల తీయడానికి నిలబడింది. నేను అడ్డం పోయాను. “నాకొక మొక్కున్నది స్వామీ. మాల మీదనే కరీంనగర్ రావాలె” అన్నాను. మొక్కంటే కాదనలేక బయల్దేరాడు. అరవణ డబ్బాల్లో ఒకటి తీసి నా సంచిలో వేసుకున్నాను. ఈసారి ఆయన చెయ్యి లేస్తే ముందు నాదే పడాలి. బస్సులో మాటిమాటికీ దాన్ని తడిమి చూసుకున్నాను.

బడి గది చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. విరిగి అతుక్కున్న నా మణికట్టునే పట్టి మెలిపెట్టాడు.

“నన్ను తాగుబోతుల నడుమ కూసోవెడ్తవా?” అని ఎదుటి కుర్చీని తన్నాడు. అది పోయి గోడకు తగిలింది. నా రెండో చెయ్యి సంచిలోకి పోయింది.

బక్కాయన కుర్చీ తెచ్చి మళ్లీ అక్కడే వేశాడు. “కూసో అన్నా,” అన్నాడు.

స్వామి అనలేదు. ఏ పెద్దమాటా చెప్పలేదు. మా ఆయన నా చెయ్యి వదలకుండానే కూర్చున్నాడు. నాకింక ఆగలేదు. నొసలు చూపించి జరిగిందంతా అందరి ముందూ చెప్పేశాను. డబ్బా బయటికి తీశాను. “ఇయ్యాల గిదే డబ్బతోని ఈయన తల పగలగొడ్దామని తెచ్చిన,” అన్నాను.

మా ఆయన నా మణికట్టు వదిలేశాడు.

“నాకెర్కే,” అన్నాడు. “నువ్వు సంచిలేసుకునేటప్పుడే సూసిన.”

“మరెందుకొచ్చినవ్?”

మెడలో మాలను గుప్పిట పట్టుకున్నాడు. “ఇంటికాడ మాల తీస్తే, ఇయ్యాల నిన్ను సంపుతనేమోనని భయమైంది.”

మేం ఇల్లు చేరేసరికి అత్త ఇంకా హారతి పళ్లెంతోనే ఉంది. ఆయన ఆమెను దాటి నా ముందుకొచ్చి తల వంచాడు. “నువ్వే తియ్యి,” అన్నాడు. తీశాను, ఒక్క చేత్తోనే. రెండో చేతిలో డబ్బా అట్లాగే ఉంది.